3,200 రూపాయల మాక్రో రైల్, మా నాయిన చేసిన ఇత్తడి బిళ్ళ

పోయినేడు మార్చిలో పత్తర్‌గట్టీ నుంచి ఒక జుంకాల జత ఫోటోలకు వచ్చింది. పైన కుందన్ పువ్వు, కింద బోర్లించిన గిన్నె, గిన్నె అంచు చుట్టూ జొన్నగింజలంత ముత్యాలు. కొంచెం పైనుంచి ఏటవాలుగా తీసి పంపాను. సాయంత్రం సేఠ్ గారి అబ్బాయి వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అక్కా, పువ్వు సాఫ్‌గున్నది, కింద ముత్యాలు సాఫ్‌గున్నయి. నడుమ గిన్నె మీద ఒక పట్టీ ఎందుకు మసకగున్నది?" ఫైలు తెరిచి వంద శాతానికి పెంచి చూశాను. నిజమే. గిన్నె నడుము చుట్టూ వేలి మందం మసక చార. దానికి పైనా కిందా నగిషీ గీతలు సూదిమొనల్లా ఉన్నాయి.

ఆ చార ఎట్లా వచ్చిందో చూడగానే అర్థమైంది. ఇంత దగ్గరగా తీస్తే ఒక్కో ఫ్రేములో సన్నటి పొర మాత్రమే స్పష్టంగా పడుతుంది, అందుకే ఫోకస్ రింగును చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ 23 ఫ్రేములు తీశాను, తర్వాత కలపడానికి. ఎక్కడో ఒకచోట వేలు అవసరం కన్నా ఎక్కువ కదిలింది. ఆ రెండు ఫ్రేముల మధ్య ఉన్న పొర ఏ ఫ్రేములోనూ పడలేదు. స్టాకింగ్ సాఫ్ట్‌వేర్ చేసేది ఏరడమే. ప్రతి ఫ్రేములో స్పష్టంగా ఉన్న ముక్కను ఏరి ఒక్కచోట పేరుస్తుంది. ఏ ఫ్రేములోనూ లేని ముక్కను ఎక్కణ్ణుంచి తెస్తుంది? మళ్లీ మొదటి నుంచి తీయాల్సి వచ్చింది.

మరుసటి వారం కోఠికి వెళ్లి మాక్రో ఫోకసింగ్ రైల్ కొన్నాను. కెమెరాను పైన కూర్చోబెట్టి, నాబ్ తిప్పుతూ కొంచెం కొంచెంగా ముందుకూ వెనక్కూ జరిపే పట్టా అది. వాడబట్టి 14 నెలలైంది. కొనే ముందు నేను తెలుసుకోవలసిన సంగతులు పెట్టె మీద ఒక్కటీ రాసి లేవు, షాపులో చెప్పేవాళ్లూ లేరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను ఫతేనగర్‌లో ఇంట్లోనే నగల ఫోటోలు తీస్తాను. పాతబస్తీలో నలుగురు, సికింద్రాబాద్‌లో ఇద్దరు వ్యాపారులు పని ఇస్తారు. కెమెరా కెనాన్ 80డి, లెన్స్ కెనాన్ వాళ్లదే 100 ఎంఎం ఎఫ్ 2.8 ఎల్ మాక్రో. నగల పని బతుకుతెరువు. పురుగుల ఫోటోలు నా ఇష్టం కొద్దీ తీసుకునేవి. రైల్ ఈ రెండింట్లో ఒకదానికే పనికొచ్చింది.

ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే కంత) బాగా మూసేస్తే సరిపోదా, ఇన్ని ఫ్రేములెందుకు అని తోటి ఫోటోగ్రాఫర్లు కూడా అడుగుతుంటారు. వస్తువు ఎంతుందో సెన్సార్ మీద బొమ్మ అంతే పడేట్టు (దీన్నే ఒకటికి ఒకటి అంటాం) దగ్గరికి వెళ్తే, నా కెమెరాలో ఫ్రేముకు పట్టేది 22 మిల్లీమీటర్ల వెడల్పు. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ కంత చిన్నదవుతుంది. ఎఫ్ 5.6 దగ్గర అందులో షార్ప్‌గా పడే మందం లెక్క కడితే 0.45 మిల్లీమీటర్లు. ఎఫ్ 22కు మూస్తే ఆ మందం దాదాపు నాలుగింతలు అవుతుంది. అయినా రెండు మిల్లీమీటర్లు దాటదు. జుంకా లోతు పదీ పన్నెండు ఉంటుంది. పైగా ఇంత దగ్గర్లో లెన్స్ మీది ఎఫ్ అంకెను రెట్టింపు చేసి చూసుకోవాలి, 22 అన్నది 44 లాగా పనిచేస్తుంది. అంత సన్నటి కంతలోంచి వచ్చే వెలుగు పరుచుకుపోతుంది. ఒక చుక్క నా సెన్సార్ మీద పదిహేను పిక్సెళ్ల వెడల్పున అలుక్కుంటుంది. ఫోటో మొత్తం సమానంగా, పలచని పాలు పోసినట్టు అవుతుంది. కెంపు అంచులు, సానపట్టిన రాయి పలకలు చచ్చిపోతాయి. కాబట్టి ఎఫ్ 5.6లోనే ఉండి, పొర పొరగా తీసి, తర్వాత కలపడమే దారి.

షాపులో రెండు రకాలు చూపించారు. 1,400 రూపాయలది పళ్ల పట్టీ మీద చక్రం దొర్లే రకం. నాబ్ మీద వేలు వేస్తే చాలు, మిల్లీమీటరు పైనే దూకేది. ఫ్రేమింగ్ సర్దుకోవడానికి బాగుంటుంది, పొరలు కోయడానికి పనికిరాదు. రెండోది పొడవాటి మర తిరిగే రకం, 3,600 అన్నారు, 3,200కు ఇచ్చారు. దాన్నే తెచ్చుకున్నాను. దాని మీద చెప్పుకోదగ్గ పేరేమీ లేదు. అల్యూమినియం ఒళ్లు, 18 సెంటీమీటర్ల పొడవు, మా వంటింటి తూకంలో 540 గ్రాములు. ఒక చివర నాబ్, పక్కన బిగించే చిన్న మర, పైన కెమెరా ప్లేటు కూర్చునే గాడి. ఆ గాడి కెమెరా ప్లేట్లకు మామూలుగా వాడే ఆర్కా కొలతకే ఉంది కాబట్టి నా దగ్గరున్న ప్లేటు వెంటనే కూర్చుంది. ప్లేటు మరలకు అలెన్ కీ కావాలి, పెట్టెలో లేదు. ఇంటి దగ్గర సైకిల్ షాపులో పాతిక రూపాయలకు దొరికింది.

పనితనం చూడటానికి బాగుంది. అంచులు గరుకు లేవు. నాబ్ మెత్తగా, గ్రీజులో తిరిగినట్టు తిరుగుతుంది. ఆ మెత్తదనం చూసే కొన్నాను. మెత్తగా తిరగడం వేరు, కచ్చితంగా జరగడం వేరు అని ఇంటికి వచ్చాకే తెలిసింది.

చెప్పింది మా నాయిన. బాలానగర్ షెడ్లలో ముప్పై ఏళ్లు లేత్ మీద పనిచేసిన మనిషి. రైల్ చేతిలోకి తీసుకుని నాబ్‌ను ఒకవైపు తిప్పాడు, మళ్లీ వెనక్కి తిప్పాడు. పైన ప్లేటును బొటనవేలితో పట్టుకుని చూశాడు.

"దీనికి ఆట ఉన్నది బిడ్డా."

"ఆట అంటే?"

"నాబ్ తిరుగుతున్నది, పైన పలక కదుల్తలేదు. చూడు. మరకూ నట్టుకూ నడుమ సందు. నువ్వు ముందుకు తిప్పి, జర వెనక్కి తిప్పితివనుకో, ఆ సందు నిండేదాకా కెమెరా ఉన్నకాడనే ఉంటది. నువ్వేమో జరిగిందనుకుంటవ్."

మర్నాడు పాత షెడ్డు నుంచి మ్యాగ్నెట్ స్టాండూ, సన్నటి కదలికను ముల్లుతో చూపించే డయల్ గేజూ అడిగి తెచ్చాడు. డైనింగ్ టేబుల్ మీద ఇనుప రేకు పరిచి, గేజ్ మొనను రైల్ పలకకు ఆనించి కొలిచాం. పది చుట్లకు పన్నెండున్నర మిల్లీమీటర్లు జరిగింది, అంటే చుట్టుకు 1.25. "ఎం8 మర ఇది, బజార్లో దొరికేదే" అన్నాడు. ఆట 0.18 మిల్లీమీటర్లు. అంకె చిన్నదే, కానీ ఫ్రేముకూ ఫ్రేముకూ నడుమ నేను కెమెరాను జరిపే అడుగే 0.25. దిశ మారిస్తే అడుగులో ముక్కాలు వంతు గాలిలోనే పోతుంది.

పనిలో దీనికి మందు ఒకటే, ఎప్పుడూ ఒకేవైపు తిప్పడం. జుంకా ముందు అంచు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు వెనకనుంచి మొదలుపెట్టి, ముందుకు వస్తూ ఆట తినేశాక మొదటి ఫ్రేము తీస్తాను. నడుమలో పొరపాటున ఎక్కువ తిప్పితే వెనక్కి తిప్పి సరిచేయను. పూర్తిగా వెనక్కి పోయి మళ్లీ మొదలుపెడతాను. కెమెరా నేలకేసి చూస్తున్నప్పుడు మాత్రం ఈ బాధ లేదు. బరువే మరను ఒకవైపుకు అదిమి పెడుతుంది కాబట్టి ఆట తెలియదు. ఉంగరాలను పైనుంచి తీసేటప్పుడు ఈ రైల్ చాలా నమ్మకంగా పనిచేస్తుంది. అయితే అప్పుడు ఇంకో సంగతి, మెత్తటి మర కాబట్టి 80డి, లెన్స్ బరువుకు అదంతట అదే నెమ్మదిగా కిందికి జారుతుంది. పక్క మరను సగం బిగించి పెట్టుకోవాలి. పూర్తిగా బిగిస్తే పలక పక్కకు లాగినట్టై ఫ్రేము కదులుతుంది. ఎంత బిగువు సరిపోతుందో చేతికి తెలియడానికి నాకు వారం పట్టింది.

నాబ్ మీద గుర్తులేమీ లేవు. రైల్ ఒంటి మీద మిల్లీమీటర్ల గీతలున్నాయి, 0.25 అడుగుకు అవి దేనికీ పనికిరావు. మొదట అట్ట ముక్క గుండ్రంగా కత్తిరించి గీతలు గీసి అంటించాను. నాయినకు అది నచ్చలేదు. చుట్టును సమాన భాగాలుగా కోసే డివైడింగ్ హెడ్ ఉన్న షెడ్డుకు వెళ్లి ఇత్తడి బిళ్ళ ఒకటి చేయించి, చుట్టూ 25 గీతలు కోయించి తెచ్చాడు. గీతకు 0.05 మిల్లీమీటర్లు. అయిదు గీతలకు ఒక ఫ్రేము. ఐదో గీత కొంచెం పొడుగు, కంటికి వెంటనే తగులుతుంది. ఇప్పుడు ఈ రైల్‌కు నేను ఇచ్చే విలువలో సగం ఆ బిళ్ళదే. మీ ఇంట్లో లేత్ తెలిసినవాళ్లు లేకపోతే అట్టతో అయినా ఒకటి చేసుకోండి. అది లేకుండా ఈ రకం రైల్ కొనడం కొలగిన్నె లేకుండా మందు పోసుకున్నట్టే.

పది మిల్లీమీటర్ల లోతుకు 40 ఫ్రేములు. ఒక్కో అడుగు తర్వాత చెయ్యి తీసేసి, రెండు సెకన్ల టైమర్‌తో, లైవ్ వ్యూలో (కెమెరా తెర మీద చూస్తూ) క్లిక్. నగ ఒక్కదానికి ఆరేడు నిమిషాలు. ఒక్కో రా ఫైలు ముప్పై ఎంబీ దాకా ఉంటుంది కాబట్టి ఒక్క ఫోటోకు జీబీ పైనే పోతుంది. ఫ్యాన్ ఆపాలి. జుంకా దారానికి వేలాడుతుంటే ఫ్యాన్ గాలికి ఊగుతుంది, కంటికి తెలియదు గాని ఒకటికి ఒకటి దగ్గర ఫ్రేము ఫ్రేముకూ వేరే చోట ఉంటుంది. మే నెలలో తలుపులు మూసి, ఫ్యాన్ ఆపి, చెమట నగ మీద పడకుండా నుదుటికి రుమాలు కట్టుకుని తీస్తాను. మా ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. ఎంఎంటీఎస్ లోకల్ రైలు పోతే పెద్ద తేడా లేదు. గూడ్స్ పోతే మాత్రం టేబుల్ మీద గ్లాసులో నీళ్లు వణుకుతాయి. కూత వినపడగానే చెయ్యి ఆపేస్తాను. ఇప్పుడది అలవాటైపోయింది. వాషింగ్ మెషీన్ కింద పెట్టే రబ్బరు దిమ్మలు టేబుల్ కాళ్ల కింద పెట్టాక చాలా తగ్గింది.

ఇక ముత్యం. ఈ రైల్ నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టిందీ, ఎక్కువ నేర్పిందీ ముత్యం దగ్గరే.

ఎనిమిది మిల్లీమీటర్ల గుండ్రటి ముత్యం. ముందు భాగం నుంచి అంచు దాకా లోతు నాలుగు మిల్లీమీటర్లు, అంటే పదహారు పదిహేడు ఫ్రేములు. సులువనుకున్నాను. కలిపి చూస్తే ముత్యం మీద మచ్చలు మచ్చలుగా ఉంది. ఒకచోట పైపొర మీది సన్న గీతలు షార్ప్‌గా ఉన్నాయి, పక్కనే నునుపు, ఆ పక్కన లైట్ టెంట్ (వెలుగును మెత్తబరిచే తెల్ల గుడ్డ గుడారం) అంచు కత్తితో కోసినట్టు. సాఫ్ట్‌వేర్ తప్పనుకుని ఒక రోజంతా సెట్టింగులు మార్చాను. తర్వాత ఫ్రేములు ఒక్కొక్కటే చూస్తుంటే తెలిసింది, ముత్యం మీద ఫోకస్ ఒకటి కాదు, రెండు. ముత్యం ఒంటికి ఒక ఫోకస్. ముత్యంలో కనిపించే ప్రతిబింబానికి వేరే ఫోకస్. ఉబ్బెత్తు అద్దంలో ప్రతిబింబం అద్దం వెనక ఏర్పడుతుందని బడిలో చదువుకున్నాం కదా. వ్యాసార్థంలో సగం దూరాన, అంటే ఈ ముత్యానికి ముందు ఉపరితలం నుంచి రెండు మిల్లీమీటర్లు లోపల. ఎనిమిదో ఫ్రేము దగ్గరికి వచ్చేసరికి ముత్యం ముందు భాగం మసకబారి, అందులోని టెంట్ అంచు స్పష్టమవుతుంది. ఎక్కడ కాంట్రాస్ట్ ఎక్కువుంటే దాన్నే ఏరుకునే సాఫ్ట్‌వేర్, ముత్యం మీది సన్న గీతను వదిలేసి టెంట్ అంచును పట్టుకుంటుంది.

దీనికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు, వెలుగులో ఉంది. ప్రతిబింబంలో అంచులే లేకుండా చేయాలి. ట్రేసింగ్ పేపరును గరాటులా చుట్టి ముత్యం చుట్టూ నిలబెట్టాను, వెలుగు బయటి నుంచి. తెలుపు నుంచి బూడిద రంగులోకి గీత లేకుండా మెల్లగా మారుతుంది. మిగిలింది లెన్స్ నల్లటి చుక్క. లెన్స్‌కు కంత చేసిన తెల్ల కాగితం తగిలించి చూశాను, చుక్క చుట్టూ ఒక మసక వలయం వచ్చింది. కారణం రైల్. కెమెరా ముందుకు జరుగుతుంటే దానికి అంటుకున్న కాగితం కంత కూడా ముత్యానికి దగ్గరవుతూ, ప్రతి ఫ్రేములో ఇంతింత పెద్దదవుతుంది. కాగితాన్ని లెన్స్ మీంచి తీసి టేబుల్‌కు స్టాండు పెట్టి నిలబెట్టాను. వలయం పోయింది. లైట్లు కూడా అంతే. రైల్ వాడేటప్పుడు లెన్స్ ముందు బిగించే రింగ్ లైట్ వద్దు. లైటూ కాగితమూ నగతోపాటు కదలకుండా ఉండాలి, కెమెరా ఒక్కటే కదలాలి.

మెరిసే వస్తువుల మీద రైల్‌కున్న ఈ లోపం కెమెరాలోపల జరిగే ఫోకస్ బ్రాకెటింగ్‌లో (కెమెరా తనే ఫోకస్ జరుపుకుంటూ వరసగా ఫ్రేములు తీయడం) బాగా తక్కువ, ఎందుకంటే కెమెరా ఉన్నచోటే ఉంటుంది, లెన్స్ లోపలి అద్దాలు మాత్రం జరుగుతాయి. ఇది మాటల్లో విన్నాను గాని నమ్మకం కుదరలేదు. నవంబరులో స్నేహితురాలి కెనాన్ ఆర్‌పీ రెండు వారాలకు అడిగి తెచ్చుకున్నాను. 2019లో వచ్చిన కెమెరా. అడాప్టర్ పెట్టి నా లెన్సే తగిలించాను. ఎన్ని ఫ్రేములు కావాలో చెప్పి, అడుగు ఎంతో 1 నుంచి 10 లోపు ఒక అంకె ఇచ్చి, నగలో అన్నిటికన్నా దగ్గరున్న మొన మీద ఫోకస్ పెట్టి నొక్కితే చాలు. అక్కణ్ణుంచి వెనక్కి తనే జరుపుకుంటూ పోతుంది. నాకు ఆరేడు నిమిషాల పని నిమిషం లోపు అయిపోయింది. నా చేయి తగలదు కాబట్టి టేబుల్ కదలదు. గూడ్స్ బండికీ గూడ్స్ బండికీ నడుమ ఒక నగ పూర్తయ్యేది.

అడుగు అంకెకూ మిల్లీమీటరుకూ సంబంధం కెమెరా చెప్పదు. ఎపర్చర్‌ను బట్టి అడుగును తనే సర్దుకుంటుంది. ఒకటికి ఒకటి, ఎఫ్ 5.6 దగ్గర నాకు 3 సరిపోయింది, 5 పెడితే మళ్లీ ఆ పాత మసక చారలే కనిపించాయి. ఫ్రేములు లెక్కకు మించి పెట్టుకుని మిగిలినవి పారేయడం మంచిది. బ్రాకెటింగ్ చేస్తుండగా ఆ కెమెరాలో ఫ్లాష్ వెలగదు, ఎలక్ట్రానిక్ షట్టర్ మీద నడుస్తుంది. అక్కడ నా చవక ఎల్ఈడీ బల్బులు దొరికిపోయాయి. కరెంటు తీగలో 50 సార్లు ఊగే కరెంటు చవక బల్బును సెకనుకు నూరు సార్లు వెలిగించి ఆర్పుతుంది. కంటికి తెలియని ఆ రెపరెప ఫోటోలో అడ్డ పట్టీలై పడింది. షట్టర్ సెకనులో పావు వంతుకు తగ్గించాక పోయాయి.

అయితే నగల పనికి రైల్ పక్కన పెట్టేయవచ్చా? సగం నగలకు పెట్టేయవచ్చు. హారం, గాజులు, జుంకా నిండుగా కనిపించేట్టు తీసే ఫోటోల్లో బ్రాకెటింగ్‌దే పైచేయి. ఆ దూరంలో రైల్ మీద కెమెరా ముందుకు జరిగితే చూసే చోటే మారుతుంది. ముందున్న రాయి వెనక దాగిన రాయి కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. ఒక ఫ్రేములో ఉన్నది ఇంకో ఫ్రేములో లేకపోతే సాఫ్ట్‌వేర్ ఏం కలుపుతుంది? అంచుల వెంట దయ్యపు నీడలు వస్తాయి. సత్లడా హారం తీసినప్పుడు ఏడు పేటల మధ్య ఈ నీడలు తుడవడానికే ఒక సాయంత్రం పోయింది. ఒకటికి ఒకటి దాటి, ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (కెమెరాకూ లెన్స్‌కూ నడుమ పెట్టే ఖాళీ గొట్టాలు) పెట్టి రెండింతలకు వెళ్లినప్పుడు మాత్రం రైలే మేలు. అక్కడ షార్ప్‌గా పడే మందం 0.17కు దిగుతుంది, నేను రెండు గీతలకు ఒక ఫ్రేము తీస్తాను. వజ్రం పట్టుకున్న గోళ్లు, హాల్‌మార్క్ ముద్ర, ముత్యం కంతలో దారం ఎంత నలిగిందో చూపించే ఫోటోలు అన్నీ రైల్ మీదవే. సేఠ్ గారు గోళ్ల ఫోటో చూసి, "బేటీ, ఇది చూపిస్తే గిరాకీ మాట్లాడడు, కొంటాడు" అన్నారు.

సాఫ్ట్‌వేర్ గురించి క్లుప్తంగా. ఫోటోషాప్‌తో మొదలుపెట్టాను. పది ఫ్రేముల దాకా పరవాలేదు, నలభై ఇస్తే నా పాత ల్యాప్‌టాప్ ఊపిరి పీల్చలేకపోయింది, అంచుల్లో తప్పులూ ఎక్కువ. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ రెండూ కొన్నాళ్లు ఉచితంగా వాడి చూడనిస్తారు. నేను జెరీన్ దగ్గర ఆగాను. అందులో పీమ్యాక్స్ పద్ధతి ఒకదాని మీదొకటి పడే సన్న తీగలను, వెంట్రుకలను బాగా విడదీస్తుంది, బదులుగా గరుకూ కాంట్రాస్టూ పెంచి ముత్యం నునుపును చెడగొడుతుంది. అందులోనే ఉన్న ఇంకో పద్ధతి డీమ్యాప్ రంగునూ నునుపునూ కాపాడుతుంది, తీగల అంచుల్లో మసక వెలుగు వదులుతుంది. ముత్యాలకు డీమ్యాప్ చేసి, తీగలున్న చోట పీమ్యాక్స్ ఫోటో నుంచి బ్రష్‌తో తెచ్చి పూస్తాను. ఆ బ్రష్ కోసమే దాన్ని కొనుక్కున్నాను.

బయట పురుగుల దగ్గర ఈ రైల్ పనిచేయదు. తొలకరి పడగానే మా బస్తీ చివర ఖాళీ జాగాలో ఆరుద్ర పురుగులు వస్తాయి. ఎర్ర మఖమల్ ముక్క నడిచినట్టుంటుంది. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టుకుని బడికి తీసుకుపోయేవాళ్లం. పోయినేడు జూన్‌లో ట్రైపాడ్, రైల్, కెమెరా మోసుకుని వెళ్లి తడి మట్టి మీద బోర్లా పడుకున్నాను. నేను మూడో గీతకు తిప్పేలోపు పురుగు ఫ్రేము దాటింది. రైల్ విప్పేసి, ఫ్లాష్‌కు తెల్ల గుడ్డ కట్టి, మోచేతులు నేలకు ఆనించి, ఒళ్లు మెల్లగా ముందుకు వంచుతూ వరసగా తీశాను. అది మట్టిబెడ్డ దగ్గర ఆగిన క్షణంలో పడిన అయిదు ఫ్రేములు కలిస్తే కాళ్ల నుంచి వీపు దాకా మఖమల్ పోగులన్నీ వచ్చాయి. ఆ ఒక్క ఫోటో కోసం మూడు వందలు తీశాను. ఆ ఎరుపు చూసినప్పుడల్లా అంత కష్టమూ తక్కువే అనిపిస్తుంది. చనిపోయి కిటికీలో దొరికిన తేనెటీగ కన్నును మాత్రం రైల్ మీద రెండింతలకు, 62 ఫ్రేములతో తీశాను. కళ్ల మీద కూడా వెంట్రుకలుంటాయని అప్పుడే చూశాను.

14 నెలల్లో రైల్ కొంత అరిగింది. ఆట 0.18 నుంచి 0.22కు పెరిగిందని డయల్ గేజ్ చెప్పింది. గ్రీజు దుమ్ము పట్టి నల్లబడితే కిరోసిన్‌తో కడిగి కొత్తది పూశాం. పక్క మర తల కొంచెం గుండ్రపడింది. విడి భాగాలు దొరుకుతాయా అని కొన్న షాపులో అడిగితే కొత్త రైల్ చూపించారు. 3,200కు ఇది మంచి సరుకే. ఒకటికి ఒకటి, ఆపైన, టేబుల్ మీద కదలని వస్తువులు తీసేవాళ్లు కొనుక్కోవచ్చు. మీ కెమెరాలో ఫోకస్ బ్రాకెటింగ్ ఇప్పటికే ఉండి, నగలు నిండుగా తీయడం వరకే మీ పని అయితే ఆ డబ్బు మంచి లైటుకు పెట్టండి. కొనేవాళ్లు షాపులోనే పలక మీద వేలుపెట్టి నాబ్‌ను ముందుకూ వెనక్కూ తిప్పి చూడండి. వేలికి తెలిసేంత ఆట ఉంటే ఇంకో పెట్టె తెరిపించండి. రెండింటికీ తేడా ఉంటుంది.

నాయినకు ఆ 0.22 మనసులో పడింది. నట్టును రెండుగా కోసి, నడుమ చిన్న స్ప్రింగు పెడితే రెండు ముక్కలూ మరను చెరోవైపు ఒత్తి పట్టుకుంటాయట, ఆట ఉండదట. ఇత్తడి కడ్డీ ముక్క ఇప్పటికే తెచ్చి పెట్టాడు. ఆదివారం షెడ్డులో లేత్ ఖాళీ ఉంటుందని చెప్పారు. రైల్ విప్పే లోపు పత్తర్‌గట్టీ కమ్మలు రెండు జతలు తీసి ఇచ్చేయాలి. ఒకదానికి కింద గులాబీ ముత్యం ఉంది, దానికి ట్రేసింగ్ పేపరు గరాటు ఇంకొంచెం పెద్దది చుట్టాలి.